పద్దెనిమిది డిగ్రీల వాలు

చిలకలదిబ్బ మునిసిపాలిటీకి కొత్తగా వచ్చిన కమిషనర్ మార్తాండరావు గారు చేరిన మూడో రోజునే ఊరి జబ్బేమిటో కనిపెట్టేశారు. కాలవలు పూడిపోయాయనీ, కుక్కలు పెరిగిపోయాయనీ, కుళాయిలు రోజు విడిచి రోజు దగ్గి ఊరుకుంటున్నాయనీ ఊళ్ళోవాళ్ళు అనుకుంటూ ఉండేవారు. అవన్నీ పైపై లక్షణాలేనని తేలింది. అసలు జబ్బు అక్షరాల్లో ఉంది. మునిసిపాలిటీ బోర్డుల మీది అక్షరాలన్నీ నిటారుగా, గుండ్రంగా, భోంచేసి అరుగు మీద చేరగిలబడ్డ పెద్దమనుషుల్లా ఉన్నాయి. అక్షరమే కదలకపోతే ఊరెలా కదులుతుందని ఆయన సిబ్బంది సమావేశంలో అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఉన్నవాళ్ళకి ఇంకా సర్వీసు మిగిలి ఉంది.

అంతకు ముందు నెలే ఆయన ఏదో మహానగరంలో పదిరోజుల శిక్షణకు వెళ్ళొచ్చారు. అక్కడ ఎవరో ఆయనకొక ఫాంటు చూపించారు. దాని పేరు ధాటి. అక్షరం లావుగా ఉంటుంది. రెండు పక్కలనుంచీ ఎవరో నొక్కిపట్టినట్టు ఇరుగ్గా ఉంటుంది. అది చాలదన్నట్టు కుడివైపుకి పద్దెనిమిది డిగ్రీలు వాలి ఉంటుంది. కదిలిపోతున్న బస్సు కోసం పరిగెత్తే లావుపాటి మనిషిని తలుపు సందులోంచి చూస్తే ఎలా ఉంటాడో అలా ఉంటుందన్నమాట. ఆయన దాన్ని చూసిన క్షణంలోనే మనసు పారేసుకున్నారు. శిక్షణలో మిగతా తొమ్మిది రోజులూ ఏం చెప్పారో ఆయనకి గుర్తు లేదు.

నాలుగో రోజున ఉత్తర్వు వెలువడింది. "లావు దృఢసంకల్పమునకును, ఇరుకు పొదుపునకును, వాలు వేగమునకును సంకేతములు గనుక, పురపాలక సంఘ పరిధిలోని సమస్త ఫలకములు, సూచికలు, హెచ్చరికలు, గోడరాతలు నలభై ఐదు దినములలోగా ధాటి లిపిలోనికి పరివర్తనము గావింపవలెననియు, సదరు వాలు పద్దెనిమిది డిగ్రీలకు ఒక్క డిగ్రీయైనను హెచ్చుతగ్గులుగా నుండరాదనియు ఇందుమూలముగా ఆదేశించడమైనది." కింద చేత్తో 'దశలవారీగా' అని రాసి ఉంది. ఆ మాట కమిషనర్ గారి ఊతపదం. ఆయన కాలవలు తీయించినా దశలవారీగానే, టీ తాగినా దశలవారీగానే.

ఉత్తర్వు కాగితం మీద ఉన్నంతసేపూ ఎవరికీ నొప్పి లేదు. దాన్ని గోడల మీదికి ఎక్కించాల్సినవాడు మాత్రం ఒకడున్నాడు. వాడి పేరు అబ్బులు.

అబ్బులుకి అరవై ఒకటి. బస్టాండు పక్కన చిన్న కొట్టు, కొట్టు మీద 'లలితా ఆర్ట్స్' అని తను రాసుకున్న బోర్డు. ఫ్లెక్సీలు వచ్చి ఊళ్ళో కుంచెలన్నీ ఎండిపోయినా అబ్బులు కుంచె ఎండలేదు. ఎందుకంటే చిలకలదిబ్బ మునిసిపాలిటీ ప్లాస్టిక్కుని నిషేధించింది. దాంతో మునిసిపాలిటీ ఊరికి ఏం చెప్పదలుచుకున్నా అబ్బులు చేత్తోనే చెప్పాలి. దారానికి సుద్ద పట్టించి, రెండు కొసలూ బిగలాగి, మధ్యలో పట్టి వదిలితే గోడ మీద తెల్లటి గీత పడుతుంది. పైన ఒకటి, కింద ఒకటి. ఆ రెండు గీతల మధ్యా అబ్బులు అక్షరం కూర్చుందంటే కదిలే బస్సులోంచి కూడా చదువుకోవచ్చని పేరు.

కమిషనర్ గారు కంప్యూటర్లో ధాటి చూపించగానే అబ్బులు నవ్వాడు. ఆయనకి కొత్తగానీ అబ్బులుకి ఆ అక్షరం పాత చుట్టం. ఎడ్ల పందేలకీ, కబడ్డీ పోటీలకీ, పడవ పందేలకీ, సర్కసుకీ, సినిమా వందరోజుల పండగలకీ ముప్ఫై ఎనిమిదేళ్ళుగా రాస్తున్నది ఆ అక్షరాన్నే. దానికి పేరుంటుందని మాత్రం తెలీదు. వాళ్ళు దాన్ని 'పరుగు రాత' అనేవారు.

"మంచి అక్షరమేనండి," అన్నాడు అబ్బులు. "అరిచే అక్షరం. అరవాల్సిన చోట అరిపిస్తే దాన్ని మించింది లేదండి. అన్ని చోట్లా అరిపిస్తే..."

"జనానికి వినపడుతుంది," అని కమిషనర్ గారు పూర్తి చేశారు. "ఇన్నాళ్ళూ వినపడకే కదయ్యా ఈ వెనకబాటు."

రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా. బోర్డుల జాబితా అబ్బులు చేతికిచ్చారు. మొత్తం మూడు వందల పన్నెండు. వాడు తన కొట్టుకి వచ్చి టీ చెప్పి, ఒక్కొక్కటీ వేలుతో పట్టుకుని చదివాడు. గ్రంథాలయం, బడులు, రుద్రభూమి, మరుగుదొడ్లు, నీళ్ళ ట్యాంకులు. అన్నిటికీ తలూపుతూ వచ్చాడు. చిట్టచివర మూడు వందల పన్నెండో నంబరు దగ్గర వేలు ఆగిపోయింది. టీ చల్లారిపోయినా అక్కడే ఉంది.

మూడు వందల పన్నెండు, రాళ్ళరేవు హెచ్చరిక బోర్డు.

ఊరి పక్కనుంచి వెళ్ళే గోదారి పాయకి రాళ్ళరేవు అని ఒక రేవుంది. ఎగువ వైపు మెట్ల దగ్గర మోకాలి లోతు నీళ్ళు, పసిపిల్లల్ని కూడా కూర్చోబెట్టి స్నానం చేయించవచ్చు. దిగువకి ఇరవై గజాలు వెళితే, పైకి అదే నీరు, అదే నిదానం, కింద మాత్రం నిలువెత్తు గుండం. ఇరవై రెండేళ్ళ కిందట అక్కడొక బోర్డు ఉండేది. అదీ అబ్బులు రాసిందే. అప్పట్లో వాడికి వయసుంది, చేతికి పొగరుంది. ఆ హెచ్చరికని ఎర్రరంగుతో పరుగు రాతలో రాసి, దూరంగా నిలబడి తన పనితనం చూసుకుని మురిసిపోయాడు. ఆ ఎండాకాలంలోనే, వాడితో కలిసి కుంచె పట్టడం నేర్చుకున్న నేస్తం ఈరేశు ఆ బోర్డు కిందనుంచే నీళ్ళలోకి దూకి మళ్ళీ పైకి రాలేదు. ఈరేశుకి చదువొచ్చు. చదివే దూకాడు.

దినం వెళ్ళిన మర్నాడు అబ్బులు పాత బోర్డుని గీకేశాడు. తొమ్మిది రోజులు రేవులో కూర్చుని మళ్ళీ రాశాడు. ఈసారి అక్షరాలు నిటారుగా, వెడల్పుగా, గుండ్రంగా, మధ్యమధ్య బోలెడంత చోటుతో. 'ఇక్కడ లోతు ఎక్కువ. దిగకండి.' అంతే. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళలో ఆ వైపు ఒక్క ప్రాణం పోలేదు. రేవులో టీ బడ్డీ నడిపే మంగాయమ్మ ఈరేశు చెల్లెలు. ఆవిడ ఆ బోర్డు గురించి, "అది మా అత్తగారి మాట లాంటిదన్నయ్యా. అరవదు. గుమ్మానికి అడ్డంగా కూర్చుంటాది, దాటి ఎల్లలేం," అంటుంది. అబ్బులు తన జన్మలో రాసిన మంచి అక్షరాలు ఆ నాలుగు మాటలవేనని నమ్ముతాడు. ఇప్పుడు వాటిని వంచమంటున్నారు.

ఆలోచించుకుని, ఆ నంబరుని అట్టడుగునే ఉంచి పైనుంచి మొదలుపెట్టాడు. నలభై ఐదు రోజులు చాలా దూరం, ఈలోగా కమిషనర్ గారికి ఇంకో పిచ్చి పట్టకపోతుందా అనుకున్నాడు. పక్క ఊళ్ళనుంచి ఇద్దరు పాత నేస్తాలను సాయానికి పిలుచుకున్నాడు.

మొదటి బోర్డు రక్తదాన శిబిరానిది. అది దివ్యంగా పనిచేసింది. ఏటా పాతికమంది కూడా రాని శిబిరానికి ఆ ఏడాది నాలుగు వందలమంది వచ్చారు. అక్షరాలు చూసి అది పోటీ అనుకున్నారు. రెండు వీధులవాళ్ళు జట్లు కట్టి, ఎవరు ఎక్కువ ఇస్తారో తేల్చుకుందామని తొడలు కొట్టారు. డాక్టరు వద్దంటే, ఎదటి జట్టు దగ్గర సొమ్ము తిన్నాడని గోల చేశారు. కమిషనర్ గారు ఈ విజయం మీద పదకొండు పేజీల నివేదిక పైకి పంపించారు. పైవాళ్ళు భేష్ అన్నారు. దాంతో ధాటికి తిరుగులేకుండా పోయింది.

రెండో వారంలో గ్రంథాలయం వంతు. 'నిశ్శబ్దం పాటించండి' అని ధాటిలో రాసి పెట్టగానే హాల్లో గొంతులు లేవడం మొదలైంది. ఎన్నడూ పెదవి విప్పని పింఛనుదార్లు పేపరు పేజీల కోసం పోట్లాడుకున్నారు. ఆ బోర్డు కింద నిలబడితే ఎవరో తమని ముందు తిట్టినట్టుందనీ, జవాబు చెప్పకపోతే పరువు తక్కువనీ వాళ్ళ వాదన. బడి దగ్గర 'నెమ్మదిగా వెళ్ళండి' అని రాసిన నాటినుంచి, అప్పటిదాకా నెమ్మదిగా వెళ్ళే ఆటోలు కూడా ఆ బోర్డు కనపడగానే ఊపందుకునేవి. ఒక డ్రైవరుని పోలీసు ఆపి చదవడం రాదా అని అడిగితే, వచ్చండి, చదివాకే గేరు మార్చానండి అని నిజాయితీగా ఒప్పుకున్నాడు. బడి పంతుళ్ళే రోడ్డు మీద నిలబడి చేతులడ్డం పెట్టి పిల్లల్ని దాటించాల్సి వచ్చింది.

రుద్రభూమిది ఇంకో కథ. పసుపు మీద ఎర్రటి ధాటిలో పేరు రాసి, కింద వేళలు కూడా రాయమన్నారు. పొరుగూరినుంచి ఒక కుటుంబం పులిహోర పొట్లాలతో ఆటో దిగి, రెండో ఆటకి టిక్కెట్లు ఉన్నాయా అని అడిగింది. హీరో ఎవరని వాళ్ళ పెద్దాయన విచారించాడు. రోజుకొకడండి అని కాటికాపరి చెప్పాడు. పాపం, అతను అబద్ధమాడలేదు.

ఇవన్నీ చూసి అబ్బులుకి నవ్వూ వచ్చేది, గుండెలో రాయీ పడేది. నవ్వు వాళ్ళ గురించి, రాయి రేవు గురించి. బడి దగ్గరైతే పంతుళ్ళున్నారు, అడ్డం నిలబడతారు. గుండం దగ్గర అడ్డం నిలబడేది ఆ బోర్డు ఒక్కటే.

ఈ సంగతి రెండుసార్లు ఆఫీసులో చెప్పబోయాడు. ఆఫీసులో వినే స్థితిలో ఎవరూ లేరు. అక్కడ ధాటి, బోర్డుల్ని దాటి లోపలికొచ్చేసింది. 'లిపి వేగ పర్యవేక్షక ఉపసంఘం' ఏర్పడింది. దాని బాధ్యత అసిస్టెంట్ ఇంజనీరు నూకరాజుది. ఆయన కూతురి జామెట్రీ బాక్సులోంచి కోణమానిని తీసుకుని జేబులో వేసుకుని, ఊళ్ళో ప్రతి 'క'కీ, ప్రతి 'మ'కీ ఆనించి కొలిచేవాడు. పదిహేడు డిగ్రీలు ఉంటే అబ్బులుకి మెమో. పందొమ్మిది ఉంటే అత్యుత్సాహం కింద ఇంకో మెమో. మొదట సంతకాలు వాలాలన్నారు. తర్వాత బీరువాల్లో ఫైళ్ళు వాలాలన్నారు. ఇరుకు కూడా అమలు కావాలి కదా అని, జనం కూర్చునే బల్లలు అడుగున్నర మేర కోయించారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టు, చివరికి సిబ్బంది కుర్చీల వెనక కాళ్ళ కింద రెండేసి అంగుళాల చెక్కలు పెట్టించారు. అక్షరాలు ముందుకి వాలి పనిచేస్తుంటే మనుషులు వెనక్కి చేరగిలబడటం శోభించదని కారణం. గుమాస్తాలందరూ ముందుకి జారిపోతూ, బల్ల అంచు పట్టుకుని వేలాడుతూ కనిపించేవారు. బయటనుంచి వచ్చినవాళ్ళకి వీళ్ళు ఇదిగో లేచి మన పని చూడబోతున్నారన్న భ్రమ కలిగేది. అది కూడా సుపరిపాలనలో భాగమేనని కమిషనర్ గారు నివేదికలో రాసుకున్నారు.

నలభై రెండో రోజుకి మూడు వందల పదకొండు బోర్డులూ వాలిపోయాయి. కమిషనర్ గారికి ఇంకో పిచ్చి పట్టలేదు. పైగా పై వారం వేరే ఊళ్ళ కమిషనర్లు పదిమంది చిలకలదిబ్బని చూసి నేర్చుకోవడానికి వస్తున్నారట. నూకరాజు కోణమానినితో అబ్బులు కొట్టుకి వచ్చి, రాళ్ళరేవు ఒక్కటే బాకీ ఉందన్నాడు.

రంగు ఆరదన్నాడు అబ్బులు. ఎండ మండుతోందన్నాడు నూకరాజు. చెయ్యి నొప్పన్నాడు అబ్బులు. సర్టిఫికెట్ తెమ్మన్నాడు నూకరాజు. ఇక దాపరికం లేకుండా, ఆ బోర్డు వంచితే మనుషులు పోతారండి అని చెప్పేశాడు అబ్బులు. ఈరేశు సంగతీ చెప్పాడు. నూకరాజు చెడ్డవాడు కాదు. విని చాలాసేపు కోణమానిని అటూ ఇటూ తిప్పాడు.

"నాకర్థమైందండి అబ్బులు గారూ. కానీ ప్రాణాపాయం అనే కాలమ్ ఈ ఫారంలో లేదండి," అన్నాడు.

మర్నాడు అబ్బులు ఉతికిన చొక్కా తొడుక్కుని నేరుగా కమిషనర్ గారి గదికే వెళ్ళాడు. ప్రాణం సంగతి ఎత్తితే కాలమ్ లేదంటారు కాబట్టి వాళ్ళ భాషలోనే మాట్లాడాలని రాత్రంతా అనుకుని వెళ్ళాడు. రేవు బోర్డు పెద్దదనీ, ఒకేసారి మార్చేస్తే బాగుండదనీ, ముందు ఇదే మాట ఒక చెక్క మీద ధాటిలో రాసి ఎగువ వైపు, మోకాలి లోతు దగ్గర ఒక్కపూట పెట్టి చూద్దామనీ, ఆదివారం పొద్దున్న తమరే దయచేసి చూడాలనీ వినయంగా మనవి చేశాడు.

"అంటే పైలట్ ప్రాజెక్టు," అన్నారు కమిషనర్ గారు. ఆయన మొహం వెలిగిపోయింది. "దశలవారీగా."

"ఆయ్, అదేనండి," అన్నాడు అబ్బులు.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి చెక్కని ఎగువ మెట్ల పక్కన పాతాడు. పసుపు మీద ఎరుపు. లావు, ఇరుకు, సరిగ్గా పద్దెనిమిది డిగ్రీలు. ఉన్న పనితనమంతా పెట్టి రాశాడు. మంచి అక్షరాన్ని చెడగొట్టడం వాడికి చేతకాదు. 'ఇక్కడ లోతు ఎక్కువ. దిగకండి.' దిగువన, ఇరవై గజాల అవతల, పాత బోర్డు తన చోట తను కూర్చుని ఉంది. వాడు మంగాయమ్మ బడ్డీ దగ్గర బల్ల మీద కూర్చున్నాడు.

ఎనిమిదిన్నరకి సైకిలు మీద పోతున్న పాలవాడు ఆగాడు. చదివాడు. కేన్లు దించి, పంచె ఎగ్గట్టి, నీళ్ళలోకి దిగి కాసేపు గర్వంగా నిలబడి వెళ్ళాడు. తొమ్మిదింటికి కాలేజీ కుర్రాళ్ళు పదిమంది వచ్చారు. తొమ్మిదిన్నరకి అరవైమంది అయ్యారు. సోడా బండి వచ్చింది. ఎవరో ఈల తెచ్చుకున్నారు. ఒకాయన పేర్లు రాసుకుని జట్లు విడగొడుతున్నాడు. బోర్డు చదివారా అని మంగాయమ్మ అడిగితే, చదివామనీ, లోతు ఎక్కువటగా, మరి ఎన్నింటికి మొదలనీ అడిగారు. మోకాలి దాటని నీళ్ళలో జనం పొట్టమీద పడి దూకుతున్నారు, లేచి బురద తుడుచుకుంటున్నారు, మళ్ళీ దూకుతున్నారు. కొలతకని వచ్చిన నూకరాజు చొక్కా విప్పి మడతపెట్టి, దాని మీద కోణమానిని జాగ్రత్తగా పెట్టి, వరసలో నిలబడ్డాడు.

ఒకతను మాత్రం, తెల్లారకుండానే కల్లు తాగినవాడు, గుంపులో చోటు దొరక్క దిగువకి నడిచాడు. మంగాయమ్మ లేచి నిలబడింది. అబ్బులు సగం దూరం పరిగెత్తాడు. ఆ తాగినవాడు పాత బోర్డు ముందు ఆగాడు. తల పైకెత్తి ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కున్నాడు. కాసేపు నిలబడ్డాడు. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళు కసిరినట్టు బుద్ధిగా గట్టు మీద చతికిలబడి తువ్వాలు తలకి చుట్టుకున్నాడు. అబ్బులు ఊపిరి తీసుకుని వెనక్కొచ్చాడు.

పదింటికి జీపు వచ్చింది. కమిషనర్ గారు ఇస్త్రీ బట్టల్లో దిగారు. ఈ కోలాహలమేమిటని అడగబోయి, అడగకుండా బోర్డు వైపు చూశారు. అలాగే చూస్తూ ఉండిపోయారు. ముందు ఆయన ఛాతీ కొంచెం పొంగింది. తర్వాత చేతి గడియారం విప్పి డ్రైవరుకిచ్చారు. బూట్లు విప్పారు. పంట్లాము మోకాళ్ళదాకా మడిచారు. అడ్డొచ్చిన నూకరాజుని పక్కకి తోసి, నాలుగు మెట్లు ఒకేసారి దూకి, నాచు మీద కాలు జారి, గోదారి పాయలో గుండెల్దాకా కూర్చుండిపోయారు. జనం చప్పట్లు కొట్టారు. వాళ్ళ లెక్కలో అది ఆ పొద్దుటి దూకుళ్ళన్నింటిలోకీ ఉత్తమమైనది.

మంగాయమ్మ తువ్వాలు పట్టుకుని మెట్ల దగ్గరికి వెళ్ళింది. బోర్డు మీద ఏం రాసుందండి బాబుగారూ అని నెమ్మదిగా అడిగింది.

ఆయన నీళ్ళలోంచే మళ్ళీ చదివారు. "లోతు ఎక్కువ, దిగకండి అని ఉందమ్మా."

"మరి తవరెందుకు దిగేరండి?"

కమిషనర్ గారు నిజంగానే ఆలోచించారు. మునిసిపాలిటీలో చేరాక ఆయన అంత సేపు ఆలోచించడం అదే మొదలు. "పిలిచినట్టనిపించింది," అన్నారు చిన్న గొంతుతో.

"మా అన్నయ్యకీ అలాగే అనిపించుంటాదండి," అంది మంగాయమ్మ. తువ్వాలు ఆయన చేతికిచ్చి, టీ పెట్టడానికి వెళ్ళిపోయింది.

ఆయన తడిబట్టలతో బడ్డీ బల్ల మీద కూర్చుని టీ ఒకే గుక్కలో తాగేశారు. దశలు లేవు. అబ్బులు ఎదురుగా నిలబడి దిగువన ఉన్న పాత బోర్డుని చూపించాడు. పొద్దున్నుంచీ ఇంతమందిలో ఒక్కడు కూడా అటు దిగలేదని చెప్పాడు. కమిషనర్ గారు ఆ గుండ్రటి అక్షరాల్ని మొదటిసారి పరిశీలనగా చూశారు.

"నువ్వన్నది నిజమేనయ్యా," అన్నారు. "కానీ ఉత్తర్వు వెనక్కి తీసుకునే పద్ధతి మన ఆఫీసులో లేదు. పైవాళ్ళు మెచ్చుకున్నారు. గురువారం పదిమంది కమిషనర్లు వస్తున్నారు. మూడు వందల పదకొండు అని రాస్తే ఆ ఒక్కటీ ఏమైందంటారు. ఏం చెప్పను?"

అబ్బులు నలభై ఐదు రోజులుగా ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. కుంచెకంటే నెమ్మదిగానైనా వాడికీ కొంత విద్య అబ్బింది.

"వెనక్కి తీసుకోవడమెందుకండి," అన్నాడు. "ఆ బోర్డు పని జరుగుతూనే ఉందండి. మా పనిలో ఏ అక్షరాన్నైనా ముందు నిటారుగా నిలబెట్టుకుంటామండి. నిలబడ్డాకే వంచుతాం. అది మొదటి దశలో ఉందండి."

ఇది పచ్చి అబద్ధం. సుద్ద దారం కొట్టిన గీతల మధ్య ఏ అక్షరం ఎలా ఉండాలో అది మొదట్నుంచీ అలాగే పుడుతుంది. అబ్బులు మంగాయమ్మ వైపు చూడకుండా చెప్పాడు. మంగాయమ్మ పాలగిన్నెలోకి చూస్తూ విన్నది.

కమిషనర్ గారు నిటారుగా కూర్చున్నారు. "మొదటి దశలో వాలు ఎంత?"

"సున్నా డిగ్రీలండి."

"ఎప్పుడు మొదలైంది?"

"ఇరవై రెండేళ్ళయిందండి."

కమిషనర్ గారి మొహంలో వెలుగు మళ్ళీ తిరిగొచ్చింది. "అంటే ఈ వాలు పథకం మన ఊళ్ళో ఇరవై రెండేళ్ళ కిందటే మొదలైందన్నమాట. ఎవరికీ తెలీలేదు చూశావా. నూకరాజూ, రాసుకో."

నూకరాజు తడి చేతులు తుడుచుకుని రాసుకున్నాడు.

గురువారం నాడు పదిమంది కమిషనర్లు వచ్చి రేవులో నిలబడి ఆ బోర్డుని చూశారు. సున్నా డిగ్రీల దశని ఇంత ఓపిగ్గా, ఇరవై రెండేళ్ళపాటు నిలబెట్టిన మునిసిపాలిటీ దేశంలో ఇంకోటి లేదని ఒకాయన ప్రసంగించారు. రెండో దశకి తొందరపడకూడదని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ తీర్మానం నకలు ఊళ్ళో అన్ని శాఖలకీ వెళ్ళింది. వెళ్ళిన మూడో రోజునుంచి అబ్బులు కొట్టు ముందు అర్జీలు మొదలయ్యాయి. తమ బోర్డుని కూడా మొదటి దశకి చేర్చాల్సిందిగా గ్రంథాలయం కోరింది. బడి పంతుళ్ళు కోరారు. కాటికాపరి స్వయంగా వచ్చి, సినిమావాళ్ళ తాకిడి భరించలేకపోతున్నాననీ, మొదటి దశ ఎంత తొందరగా ఇప్పిస్తే అంత పుణ్యమనీ అన్నాడు. అబ్బులు మళ్ళీ సుద్ద దారం తీశాడు. కుర్చీల కాళ్ళ కింది చెక్కలు కూడా ఒక్కొక్కటే మొదటి దశకి వచ్చేశాయి. మార్తాండరావు గారికి ప్రమోషన్ మీద పెద్ద ఊరికి బదిలీ అయింది. పథకం విజయవంతమైనవాళ్ళని ఎక్కడా ఎక్కువకాలం ఉంచరు.

ఊళ్ళో ఇప్పుడు రెండే బోర్డులు ధాటిలో ఉన్నాయి. ఒకటి రక్తదాన శిబిరానిది, అది అలాగే ఉండాలని డాక్టరు బతిమాలాడు. రెండోది ఏటా వచ్చే పడవ పందేలది. దాన్ని అబ్బులు ఒళ్ళు మరిచి, ఎర్రగా, లావుగా, ఎవడో తరుముతున్నట్టు రాస్తాడు. రాసి దూరంగా నిలబడి చూసుకుని ఇప్పటికీ మురుస్తాడు. అరవాల్సిన చోట అరిచే అక్షరమంటే వాడికీ ఇష్టమే.

ఉపసంఘాన్ని రద్దు చేయడం ఎవరికీ గుర్తు లేదు. కాబట్టి నూకరాజు ఏడాదికోసారి కోణమానినితో రాళ్ళరేవుకి వస్తాడు. కర్ర నిచ్చెనెక్కి ఒక్కొక్క అక్షరానికీ ఆనించి కొలుస్తాడు. సున్నా అని రాసి, పక్కన 'పురోగతి సంతృప్తికరం' అని రాసి సంతకం పెడతాడు. మంగాయమ్మ ఇచ్చిన టీ తాగుతాడు. తర్వాత కాళ్ళు కడుక్కోవడానికి, పక్కనే నీళ్ళు ఉన్నా, ఇరవై గజాలు నడిచి ఎగువ మెట్ల దగ్గరికి వెళతాడు. ఎండగా ఉందిగా, ఇక్కడే కడుక్కోవచ్చు కదండీ అని ఒకసారి అబ్బులు కావాలనే అడిగాడు.

నూకరాజు నిచ్చెన భుజానెత్తుకుంటూ బోర్డు వైపు తల ఊపాడు. "దిగకండి అని రాసుంది కదండీ," అన్నాడు.